మూడు గంటల గౌహతి

కంపెనీ బస్సులో నా పక్కన కూర్చునే ఆడోళ్ళు ఇప్పటికీ అడుగుతా ఉంటారు. విమానంలో పోతే ఎట్ల ఉంటాది సుజాతా, భయమయిందా, మేఘాలు దగ్గరగా కనబడినాయా అని. అడిగినప్పుడంతా ఏదో ఒక ముక్క చెప్పి తప్పించుకుంటా వచ్చినాను. మొత్తం ఒకసారి రాసిపెడితే మేలనిపించింది. ఊరు చూడాలని పోయింది కాదు, మా అన్న కోసం పోయినాము. అయినా కండ్లు ఊరుకోవు కదా, చూసినవన్నీ చూసినట్టే రాస్తాను.

మత్తిగిరి

మా అన్న మునిరాజు లారీ డ్రైవరు. కాపురం కృష్ణగిరి పక్కన పోచంపల్లిలో. ఇరవై ఏండ్లుగా కృష్ణగిరిలో మామిడి గుజ్జు డబ్బాలు ఎక్కించుకొని దేశమంతా తిరుగుతా ఉన్నాడు. ఈసారి లోడు గౌహతికి. చలి మొదలయిన దినాలు. ఒక మధ్యాన్నం నేను షిఫ్టు ముగించి, హోసూరు పక్కన మత్తిగిరిలో మా ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటా ఉంటే, అన్నతో పోయిన రెండో డ్రైవరు పళని ఫోన్ చేసినాడు. తమిళంలో, ఊపిరి తిప్పుకోకుండా చెప్పినాడు. గౌహతి ఇంక గంట దూరం ఉందనంగా టైరు పంక్చరయింది. అన్న కింద కూర్చొని టైరు మారుస్తా ఉంటే జాకీ జారింది. కుడి పాదం నలిగిపోయింది.

"ఎప్పుడప్పా?" అన్నాను.

"రెండు దినాలయిందమ్మా. ఇంటికి చెప్పొద్దు, బాగయిపోతాదిలే అన్నాడు. ఇప్పుడు డాక్టరే చెప్పమన్నాడు."

డాక్టరు ఫోన్ తీసుకొని, నాకు అర్థమయ్యేట్టు మెల్లగా ఇంగ్లీషులో చెప్పినాడు. పాదానికి రక్తం పోవడం లేదు. విషం పైకి ఎక్కుతా ఉంది. మోకాలి కింద తీసెయ్యాల. మీ అన్న ఒప్పుకోడు, ఇంటోళ్ళు రానీ అంటాడు. రేపు సాయంత్రం ఐదు గంటల దాకా చూస్తాము. ఆ తర్వాత మాట్లాడాల్సింది కాలు గురించి కాదు, మనిషి గురించి.

లారీ ఓనరు మంచోడు. గంటలోపల రెండు విమానం టికెట్లు తీసి నా ఫోన్‌కి పంపినాడు. బెంగళూరు నుంచి గౌహతి ఎంత దూరమని ఫోన్‌లో కొట్టి చూసినాను. ఆకాశంలో రెండు వేల చిల్లర కిలోమీటర్లు, మూడు గంటల ప్రయాణం అని వచ్చింది. రోడ్డు మీదైతే మూడు వేలకి దగ్గర. అన్నకి ఆరు దినాలు పట్టిన దూరం. మూడు గంటలే అనేది చూసి గుండె కొంచెం కుదుటపడింది. మనం తిరపతికి బస్సులో పోయేదానికి అంతకంటే ఎక్కువే పడతాది కదా.

పొద్దు గూకేసరికి వదినె పోచంపల్లి నుంచి వచ్చేసింది. మా వదినె పార్వతమ్మ వారపు సంతలో చింతపండు, ఎండుమిరపకాయలు అమ్ముతాది. సంతలో ఆమె గొంతు ఆ చివర దాకా వినబడతాది. ఆరోజు గొంతే లేదు. చేతిలో ఒక సంచి. అందులో రెండు చీరలు, నాలుగు కిలోల రాగిపిండి.

"అది ఏమిటికి వదినె?"

"ముద్ద లేకుండా ఆయప్ప ఎన్ని దినాలుంటాడు?" అంది. కొంచెం సేపు గోడకి ఆనుకొని కూర్చొని, "సుజాతమ్మా, ఆడ కాగితం మీద సంతకం నేను పెట్టాల్నా?" అని అడిగింది.

"పెండ్లానివి నువ్వే కదా."

"నాకు సంతకం తెలుగులోనే వచ్చేది. అది ఆడ చెల్లుతాదా?"

చెల్లుతాదని చెప్పినాను. నాకేం తెలుసు?

సిల్క్ బోర్డు

పక్క దినం పొద్దున పది గంటల యాభై నిమిషాలకి విమానం. ఆరుకే కారెక్కినాము. అత్తిబెలె దాటేదాకా దావ బాగానే ఉంది. ఆ తర్వాత మంచు, దానిలో వేల బండ్లు. బెంగళూరు మొదట్లో సిల్క్ బోర్డు కూడలి కాడ కారు నిలిచింది నిలిచినట్టే ఉంది. ముందున్న బస్సు వెనక అద్దం మీద ఏం రాసి ఉందో నాకు ఇప్పటికీ నోటికి వస్తాది, అంత సేపు చూసినాను. కారు నడిపే నాగరాజు మా వీధివాడే. "ఏం కాదక్కా, ఏం కాదు" అంటానే ఉన్నాడు. వాడు అనేకొద్దీ నాకు ఏదో అయిపోతా ఉన్నట్టుంది.

ఊరి ఆ చివరికి వచ్చినాక వదినె ఒకటే అడిగింది. "మూడు గంటల్లో గౌహతి అంటివే. మూడు గంటలు కావస్తా ఉంది, మనం ఇంకా బెంగళూరే దాటలేదు కదమ్మా?"

ఫోన్‌లో చూపించే మూడు గంటలు విమానానివి మాత్రమే, మనుషులవి కాదని నాకు ఆ కారులో తెలిసింది. మీరెప్పుడైనా పోతే ఇది గుర్తుపెట్టుకోండి. హోసూరు నుంచి విమానం కాడికి పోయేదానికి ఎంత పడతాదో, ఆకాశంలో రెండు వేల కిలోమీటర్లకి కూడా అంతే పడతాది.

విమానాశ్రయం

తొమ్మిదింపావుకి చేరినాము. లోపల నేల అద్దం మాదిరి ఉంది. వదినె చెప్పులు విడిచి చేతిలో పట్టుకుంది. వేసుకో వదినె, ఇది గుడి కాదు అని నేనే వేయించినాను.

సంచులు తనిఖీ చేసే తావ మా సంచిని పక్కకి తోసేసినారు. ఒక పోలీసాయన రాగిపిండి పొట్లం తీసి, హిందీలో ఏదో అడిగినాడు. నాకు హిందీ రెండు ముక్కలు. అన్న, కాలు, ఆసుపత్రి, అని తమిళం ఇంగ్లీషు కలిపి చెప్తా ఉన్నాను. ఆయన పొట్లం మీద చిన్న గుడ్డ ముక్క రుద్ది ఒక మిషన్లో పెట్టినాడు. గడియారంలో పది దాటింది. అంతలో ఆడ పోలీసు ఒకామె వచ్చి, పొట్లం విప్పి, వాసన చూసి నవ్వింది. "రాగి హిట్టా అమ్మా?" అంది కన్నడంలో. వదినె ఒక్కసారిగా కన్నడంలో మొదలుపెట్టింది. ఎవరి కోసం, ఏమయింది, ఎన్ని గంటలకి పోవాల, అంతా చెప్పేసింది. ఆమె నవ్వు ఆగిపోయింది. పొట్లం తానే కట్టి, సంచిలో పెట్టి, "బేగ హోగి" అని, తొందరగా పొమ్మని పంపించింది.

పరిగెత్తి పోయి చూస్తే విమానం రాలేదు. మంచు వల్ల ఆలస్యమంట. పదీ యాభై పోయి పదకొండున్నర అయింది, మళ్ళీ పన్నెండూ ఇరవై అయింది. బోర్డు మీద అంకె మారినప్పుడంతా నేను వేళ్ళ మీద లెక్క పెట్టినాను. పన్నెండూ ఇరవైకి మూడు గంటలు కలిపితే మూడూ ఇరవై. దిగి బయటపడేదానికి అరగంట. ఊళ్ళోకి గంట. ఐదుకి చేరతాము. ఇంక ఒక్కసారి అంకె మారితే చేరలేము. పళనికి ఫోన్ చేసి విమానం లేటని చెప్పినాను.

వదినెకి ఏమైనా తినిపించాలని పోతే ఒక కాఫీ రెండువందల ఎనభై అన్నారు. మత్తిగిరిలో ఆ దుడ్డుకి ఇంటిల్లిపాదీ రెండుపూటలా టిఫిన్ తినొచ్చు. కొన్నాను. ఆమె ఒక గుక్క తాగి, చేదుగా ఉంది, నువ్వే తాగు అంది.

ఆకాశంలో

విమానం నేల వదిలేటప్పుడు ఎట్ల ఉంటాది అని అందరూ అడుగుతారు. కడుపు వెనకే ఉండిపోయి మనం ముందుకి పోయినట్టుంటాది. వదినె నా మణికట్టు పట్టుకుంది. గాజు ఒకటి విరిగింది.

కిటికీ పక్కన ఒక పాప కూర్చొని ఉంది. ఇరవై రెండు ఇరవై మూడేండ్లుంటాయి. మేము మాట్లాడుకునేది వింటా ఉండి, "హోసూరా అక్కా?" అంది తమిళంలో. నేను అదిరిపోయినాను. పేరు జున్‌మణి. ఊరు నగావ్ పక్కన, గౌహతి నుంచి రెండు మూడు గంటల దావ. హోసూరు దగ్గర ఫోన్లు తయారుచేసే కంపెనీలో పని, హాస్టల్లో ఉండడం. మన ఊరి సంతలో కూరగాయలు కొంటాదంట. అక్క పెండ్లికని మొదటిసారి విమానం ఎక్కింది. "ఎప్పుడూ రైలే అక్కా. మూడు దినాలు. ఇంటికి పోయేసరికి సెలవు సగం అయిపోతాది" అంది.

ఒకే దూరం. మా అన్నకి ఆరు దినాలు, ఈ పాపకి మూడు దినాలు, విమానానికి మూడు గంటలు. మేము ఎందుకు పోతా ఉన్నామో చెప్తే ఆ పాప ముఖం మారిపోయింది.

వదినె ముందున్న జేబులో నుంచి వాంతి వస్తే పట్టుకునే కాగితం సంచి తీసింది. వాంతి వస్తా ఉందేమో అనుకున్నాను. కాదు. "పెన్ను ఉందా?" అంది. సంచి మీద తన పేరు రాసింది. పార్వతమ్మ. 'ర్వ' కాడ గీత పక్కకి పోయింది. మళ్ళీ రాసింది. ఆ పక్క నిండిపోతే సంచి తిప్పి రాసింది. ఆమె నేర్చుకుంటా ఉండింది పేరు రాసేది కాదు, మొగుని కాలు తీసెయ్యమని రాసేది. కొంచెం సేపటికి పెన్ను మూసి నాకిచ్చి, "సుజాతమ్మా, నేను పెట్టకపోతే?" అంది.

"పెట్టకపోతే అన్న ఉండడు వదినె."

"పెడితే ఆయప్ప నన్ను ఎట్ల చూస్తాడు?"

మేఘాలు చూసినావా అని అడిగేవాళ్ళకి చెప్తా ఉన్నాను, ఉన్నాయి, తెల్లగా, మా కింద. ఆ ప్రయాణంలో నేను చూసింది ఎక్కువగా నా చేతి గడియారాన్నే.

గౌహతి మీదికి వచ్చినాక దిగేదానికి దారి లేదని పదిహేను నిమిషాలు చుట్టూ తిప్పినారు. మూడూ నలభైకి చక్రాలు నేలకి తగిలినాయి.

గౌహతి

జున్‌మణి నగావ్ బస్సుకి పోవాల. "మీకు ఈడ భాష తెలీదు" అని మాతోనే టాక్సీ ఎక్కింది. ఊరు ఇంకా ఇరవై కిలోమీటర్ల పైనే ఉందన్నాడు టాక్సీ ఆయన.

దావలో నేను తల ఎత్తి చూస్తే చీకటి పడతా ఉంది. దుకాణాల్లో దీపాలు పెట్టేసినారు. వదినె సీటు మీద నుంచి లేచిపోయింది. "అయిపోయింది సుజాతమ్మా! పొద్దు గూకిపోయింది! ఐదు దాటిపోయింది!" అని అరిచింది. నేను గడియారం చూస్తే నాలుగూ నలభై. నిలిచిపోయిందేమో అని ఫోన్ చూసినాను. అందులోనూ అంతే. దేన్ని నమ్మాలో తెలీలేదు.

జున్‌మణి వదినె చెయ్యి పట్టుకుంది. "లేదమ్మా, ఇంకా ఐదు కాలేదు. మా ఊళ్ళో పొద్దు ముందే గూకుతాది. తెల్లారేది కూడా ముందే. హోసూరు పొద్దు వేరే."

గడియారం అంతా ఒకటే, పొద్దు మాత్రం వేరే. రెండు వేల కిలోమీటర్లంటే ఏమిటో నాకు అర్థమయింది విమానంలో కాదు, ఆ టాక్సీలోనే.

ఆసుపత్రి చేరేసరికి ఐదు దాటి పది నిమిషాలు. మెట్ల కాడ పళని నిలబడి ఉన్నాడు, రెండు దినాల గడ్డంతో. మమ్మల్ని చూసి ముందుకి రాలేదు.

"ఏడప్పా ఆయన?" అంది వదినె.

"ఆపరేషన్ అయిపోయిందక్కా. రెండు గంటలకే లోపలికి పోయినాడు. బాగుండాడు."

"సంతకం?"

"ఆయనే పెట్టినాడు. నన్ను సాక్షిగా పెట్టమన్నాడు."

వదినె మెట్ల మీదే కూర్చుండిపోయింది. నాకు మొదట వచ్చింది కోపం. పొద్దున ఆరు నుంచి ప్రాణం చేతిలో పట్టుకొని వచ్చినాము కదా, ఇంక మూడు గంటలు ఆగలేకపోయినాడా అని. రెండు గంటలప్పుడు మేము ఎక్కడున్నామో లెక్కేసినాను. ఆ కాగితం సంచి మీద వదినె పేరు రాస్తా ఉన్నది అప్పుడే.

జున్‌మణి మమ్మల్ని లోపల కూర్చోబెట్టి, డాక్టరు చెప్పింది అంతా తమిళంలో మాకు చెప్పి, ఆఖరి బస్సుకి పోయింది. పెండ్లి ఇంటికి పోవాల్సిన పాప.

ఆసుపత్రి

తెల్లారి ఐదుకే ఆకాశంలో వెలుగు వచ్చింది. ఆరుకి అన్నని చూడనిచ్చినారు. దుప్పటి కింద ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క సగంలోనే చదునుగా ఉంది. వదినె అటు చూడకుండా ఆయన ముఖమే చూసింది.

"ఏమిటికి ఇట్ల చేస్తివి? మేము వస్తా ఉన్నాము కదా!" అన్నాను నేను.

అన్న నా పక్క చూడలేదు. మెల్లగా చెప్పినాడు. "మీరొచ్చి ఉంటే ఈమె పెట్టాల్సి వచ్చేది సుజా. నా కాలు తీసెయ్యమని ఈమె చేత రాయించేదా? జన్మంతా ఆ చెయ్యి చూసుకొని ఏడ్చేది. విమానం లేటని పళని చెప్పినాడు. మీరు వచ్చే లోపలే ముగించెయ్యమని డాక్టరుకి చెప్పినాను."

వదినె ఏడ్వలేదు. ఆయన చెంప మీద చిన్నగా ఒక దెబ్బ కొట్టింది. ఆ చెయ్యి అట్లనే చెంప మీద ఉంచేసింది. నేను బయటికి వచ్చేసినాను.

ముగిసిందనుకుంటే ముగియలేదు. నాలుగో దినం జ్వరం వచ్చింది. విషం ఇంకా మిగిలిందేమో, ఇంకొంచెం పైకి కొయ్యాల్సి వస్తాదేమో అన్నారు. రెండు దినాలు డాక్టరు చెప్పుల చప్పుడు వినబడితే మేమిద్దరమూ లేచి నిలబడేవాళ్ళము. జ్వరం వచ్చిన మూడో దినం పొద్దున థర్మామీటరు చూసి నర్సమ్మ వేలు కిందికి చూపించింది. తగ్గిందని. భాష అక్కరలేకపోయింది.

గదిలో, నది ఒడ్డున

ఆసుపత్రి వెనక వీధిలో ఒక గది తీసుకున్నాము. ఆడ గ్యాసు పొయ్యి ఉంది. జ్వరం తగ్గిన దినమే వదినె ముద్ద చేసి ఆసుపత్రికి తెచ్చింది. పక్క మంచం కాడుండే నర్సమ్మ ఆ నల్లటి ఉండని చూసి, రుచి చూస్తానంది. ఒక ముక్క నోట్లో పెట్టుకొని నమలడం మొదలుపెట్టింది. నమిలింది, నమిలింది, అది తరగలేదు. "నమలకూడదమ్మా, మింగాల!" అని వదినె గొంతు పట్టుకొని చూపించింది. పోచంపల్లి సంత గొంతు ఆ వార్డంతా వినబడింది. అన్న నవ్వినాడు. కాలు పోయినాక నవ్వింది అప్పుడే.

ఆ ఊళ్ళో ముద్ద లేదు, దోసె కొంచెమే. అన్నం, చేపల పులుసు. పులుపుకి చింతపండు కాదు, ఏవో కాయలు, టమాటాలు వేస్తారు. వదినె చింతపండు అమ్మేది కదా, ఒక్క దుకాణంలో కూడా మంచి చింతపండు లేదని ఆశ్చర్యపోయింది. టీ పాలు లేకుండా ఎర్రగా ఇస్తారు. మన వాళ్ళకి అది కషాయం మాదిరి ఉంటాది.

పెండ్లి ముగిసినాక జున్‌మణి తన అమ్మని పిలుచుకొని మా గదికి వచ్చింది. ఆమెకి మా భాష తెలీదు, మాకు ఆమెది తెలీదు. కూర్చోగానే తమలపాకు, వక్క ముందు పెట్టింది. వాళ్ళ మర్యాద అది. మన ఎండు వక్క కాదు, పచ్చి వక్క. నేను మర్యాదకి ఒక ముక్క నమిలినాను. రెండు నిమిషాల్లో చెవులు కాలినట్టయి, ఒళ్ళంతా చెమట పట్టి, గది తిరిగింది. ఆ చలిలో నాకు విసనకర్రతో విసిరినారు. మా కోసం వచ్చినామె నాకే సేవ చెయ్యాల్సి వచ్చింది. పోయేటప్పుడు వార్డులోకి వచ్చి ఎర్ర అంచు తెల్ల తుండుగుడ్డ ఒకటి అన్న భుజాల మీద కప్పి, రెండు చేతులూ జోడించింది. పెద్దవాళ్ళకి, అతిథులకి అట్ల కప్పుతారంట. ఏ పరిచయమూ లేని మనిషి అట్ల చేస్తే అన్నకి ఏం చెయ్యాలో తెలీలేదు. పడుకున్న తావనే దండం పెట్టినాడు.

ఒక సాయంత్రం బ్రహ్మపుత్ర ఒడ్డుకి పోయినాము. అది నది అని చెప్తే నమ్మబుద్ధి కాలేదు. మన కెలవరపల్లి డ్యాము నిండినప్పుడు ఎంత సంబరపడతామో! దీనికి ఆ పక్క ఒడ్డు మంచులో కనబళ్ళేదు. వదినె నీళ్ళు తల మీద చల్లుకొని, "ఇంత దూరం ఎట్ల నడుపుకొని వచ్చినాడమ్మా!" అంది. ఇరవై ఏండ్లుగా ఆయన ఎంత దూరం పోతాడో ఆమెకి అప్పుడే తెలిసింది.

తిరుగు దావ

పదిహేను దినాలకి పంపిస్తామన్నారు. విమానం వాళ్ళు డాక్టరు చీటీ ఉంటేనే ఎక్కనిస్తామన్నారు. ఆ చీటీలో ఒక తేదీ తప్పుగా పడిందని మళ్ళీ అరగంట కౌంటరు కాడ నిలబెట్టినారు. అన్న చక్రాల కుర్చీలో తల వంచుకొని కూర్చున్నాడు. "లారీలోనే పోతాను, పళనితో" అన్నాడు ఒకసారి. చివరికి ఎక్కనిచ్చినారు.

ముందు వరసలో, కుడి పక్క కిటికీ ఇచ్చినారు ఆయనకి. రెండు గంటలు నుదురు అద్దానికి ఆనించి కిందికి చూస్తానే ఉన్నాడు. పుండు నొస్తా ఉందా అని వదినె నాలుగుసార్లు అడిగింది. తల అడ్డంగా ఊపినాడు.

ఒక తావ కింద వెడల్పుగా నది, మీద సన్నగా గీతలు కనబడినాయి. "గోదారి" అన్నాడు. "అది రాజమండ్రి వంతెన. ఆ అవతల ఒక టీ కొట్టుంది. ఈ తావకి వచ్చేసరికి నాకు రెండో దినం పొద్దు." కొంచెం సేపు వెతికినాడు. "ఒక్క లారీ కూడా కనబళ్ళేదు సుజా. ఇంత పైనించి."

అప్పుడు ఏడ్చినాడు. ఇన్ని దినాల్లో మొదటిసారి. వదినె ఓదార్చలేదు. ఆ కిటికీ కాడికి తానూ వంగి, "ఆ టీ కొట్టు యాడ? ఈ పక్కా, ఆ పక్కా?" అని అడిగింది. ఆయన ముక్కు తుడుచుకొని వేలుతో చూపించినాడు. ఆ తర్వాత బెంగళూరు దాకా, కింద మబ్బు లేని తావల్లా, దావ చెప్తానే వచ్చినాడు. ఆమె వింటానే వచ్చింది.

దిగినాక అందరూ పోయేదాకా కూర్చున్నాము. తలుపు కాడికి చక్రాల కుర్చీ తెచ్చినారు. అన్న చంక కర్రలు అడిగినాడు. ఆసుపత్రిలో నాలుగు దినాలు నేర్పించినారు కానీ, ఇంత ఇరుకు దావలో ఎప్పుడూ నడవలేదు. వద్దన్నా అని నేను చెయ్యి పట్టుకోబోతే, వదినె నన్ను వెనక్కి లాగింది. విమానం అమ్మాయిలిద్దరూ పక్కకి తప్పుకున్నారు.

సీటు నుంచి తలుపు దాకా పది అడుగులుంటాయేమో. నాకు సిల్క్ బోర్డు కంటే ఎక్కువసేపు పట్టినట్టుంది. కర్ర ఒకటి జారి, మళ్ళీ నిలిచింది. ఆయన వెనకే వదినె. ఆమె కుడి చెయ్యి ఆయన వీపుకి జానెడు దూరంలో, తగలకుండా, ఆయనకి తెలీకుండా, గడప దాటేదాకా అట్లనే గాల్లో ఉండింది.